తైబందీ నుంచి సిమ్యులేషన్ దాకా: ఉత్తర తెలంగాణలో జలాశయాల లెక్క

జలాశయాల చరిత్రను శంకుస్థాపనల తేదీలు, ఆనకట్టల పొడవులు, ఆయకట్టు విస్తీర్ణాలతో చెప్పడం పరిపాటి. అయితే కట్టడం పూర్తయిన తరువాత ఏటేటా గేట్లను ఎప్పుడు ఎత్తాలి, ఎంత నీరు నిలపాలి, ఏ కాలువకు ఎన్ని రోజులు వదలాలి అన్న నిర్ణయాలకు కూడా ఒక చరిత్ర ఉంది; దాన్ని రాసినవారు తక్కువ. ఈ నిర్ణయాలన్నిటికీ ఉన్న సామాన్య లక్షణం ఏమిటంటే, రాబోయే నీరు ఎంతో తెలియకముందే వాటిని తీసుకోవలసి రావడం. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో, అంటే 2016 అక్టోబరులో ఎనిమిది జిల్లాలుగా విడిపోయిన గోదావరి ఇరుగట్ల ప్రాంతంలో, ఈ అనిశ్చితిని లెక్కగట్టే పద్ధతులు ఊరి చెరువు కట్ట మీద మొదలై, నిజాం కాలపు ఇంజినీర్ల సూత్రాల మీదుగా సాగి, నేటి కంప్యూటర్ సిమ్యులేషన్ దాకా వచ్చాయి. సిమ్యులేషన్ అంటే ఒక నది, దాని మీది జలాశయాలు, కాలువలు, గేట్లు, పంటల అవసరాలు అన్నిటినీ సమీకరణాల రూపంలో కంప్యూటర్‌లో నిలిపి, ఊహించదగిన అనేక వానకాలాలను దాని గుండా నడిపి, ఏ నిర్ణయానికి ఏ ఫలితం వస్తుందో ముందుగా చూసుకునే పద్ధతి.

ఈ ప్రాంతపు భౌగోళిక స్వరూపమే ఆ లెక్కను కష్టతరం చేసింది. మహారాష్ట్ర నుంచి వచ్చే గోదావరి కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని, పోచంపాడు దాటిన తరువాత ఉత్తరాన ఆదిలాబాద్‌కూ దక్షిణాన కరీంనగర్‌కూ సరిహద్దుగా సాగుతుంది. ఉత్తరపు అడవి కొండల నుంచి కడెం వాగు, దక్షిణపు మెట్ట భూముల నుంచి మానేరు అందులో కలుస్తాయి, చివరకు కాళేశ్వరం వద్ద ప్రాణహిత వచ్చి చేరుతుంది. ఏడాదికి సుమారు 900 నుంచి 1,100 మిల్లీమీటర్ల దాకా కురిసే వానలో అధిక భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే, అదీ కొద్ది విడతలలోనే పడుతుంది. పైగా ఈ నదుల స్వభావాలు ఒకదానితో ఒకటి పొసగవు. వందల కిలోమీటర్ల ఎగువన పడిన వాన గోదావరిలో పోచంపాడుకు చేరడానికి రోజులు పడితే, కుంతాల జలపాతం గుండా దూకివచ్చే కడెం వాగులో కొండల మీద రాత్రి కురిసిన వాన తెల్లవారేసరికి ఆనకట్టను తాకగలదు. ఒకే వారంలో ఒక నది ఎండి ఉండి మరొకటి పొంగడం ఇక్కడ వింత కాదు.

పెద్ద ఆనకట్టలకు ముందున్న చెరువుల వ్యవస్థ ఈ అనిశ్చితిని రెండు ఉపాయాలతో ఎదుర్కొంది. మొదటిది అలుగు, తెలంగాణ పల్లెల్లో మత్తడి. చెరువు నిండిన తరువాత మిగిలిన నీరు ఎవరి అనుమతీ లేకుండా ఆ రాతి కట్టడం మీదుగా పొర్లి, గొలుసుకట్టులోని దిగువ చెరువుకు చేరుతుంది. రెండవది తైబందీ. నిజాం కాలపు రెవెన్యూ వ్యవహారంలో వానకాలపు పంటను అబీ అనీ, యాసంగి పంటను తాబీ అనీ పిలిచేవారు. అబీ వరి చేతికొచ్చే వేళకు చెరువులో మిగిలిన నీటిని చూసి, తాబీకి ఎంత భూమి సాగుచేయవచ్చో పెద్దమనుషులు, రెవెన్యూ సిబ్బంది, రైతులు కలిసి ఖరారు చేసుకునే కట్టుబాటే తైబందీ. నీరు తక్కువైన ఏడాది ఆయకట్టులో ఒక భాగాన్నే సాగుకు ఎంచుకొని, పట్టాదారులు ఆ భాగంలో తమ వంతు భూమిని పంచుకునేవారు. తూము తెరిచి మూసే బాధ్యత నీరటికాడిది. ఈ ఏర్పాటులోని తెలివి స్పష్టం: వానలు ముగిసి నిల్వ కళ్లకు కనిపించిన తరువాతే నిర్ణయం తీసుకోవడం వల్ల అనిశ్చితిలో పెద్ద భాగం అప్పటికే తొలగిపోయేది, వరద భారాన్ని మత్తడి తనంతట తాను మోసేది.

గేట్లున్న ఆనకట్ట ఈ రెండు ఉపాయాలనూ పక్కకు నెట్టింది. మత్తడి తనంతట తాను పారుతుంది, గేటును ఎవరో ఎత్తాలి. ఎత్తితే ఎప్పుడు, ఎన్ని అడుగులు అన్నది వరద వచ్చే లోపల ఎవరో చెప్పాలి. వానకాలం నడుమ జలాశయాన్ని నిండుగా ఉంచితే యాసంగికి భరోసా దక్కుతుంది, కానీ వరదకు చోటు ఉండదు. ఖాళీగా ఉంచితే వరదకు చోటు దొరుకుతుంది, కానీ సెప్టెంబరు వానలు ముఖం చాటేస్తే కాలువలు ఎండుతాయి. ఈ రెండు భయాల మధ్య సమతూకం వెతకడమే ఆధునిక జలాశయ నిర్వహణ శాస్త్రానికి మూలం.

నిజాం కాలపు సూత్రం

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మాణం జరగడంతో హైదరాబాద్ రాజ్యంలో వరద అంచనా ఒక ప్రత్యేక విద్యగా రూపుదిద్దుకుంది. నిజాంసాగర్ నిర్మాణంతో ముడిపడిన చీఫ్ ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దక్కన్ నదుల కోసం రూపొందించిన గరిష్ఠ వరద సూత్రం భారతీయ జలశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఆయన పేరుతోనే కనిపిస్తుంది. ఒక నది పరీవాహక విస్తీర్ణం, అంటే ఆ నదికి వాన నీటిని అందించే మొత్తం నేల వైశాల్యం తెలిస్తే, దాన్ని ఒక గుణకంతో కలిపి అక్కడ రాగల గరిష్ఠ ప్రవాహాన్ని అంచనా కట్టడం ఆ సూత్రపు పద్ధతి. ఉత్తర భారతానికి 1865లో డికెన్స్, మద్రాసు ప్రాంతానికి 1884లో రైవ్స్ ఇటువంటి సూత్రాలనే ఇచ్చారు. విస్తీర్ణం పెరిగేకొద్దీ చదరపు మైలుకు వచ్చే వరద తగ్గుతుందన్న అనుభవాన్ని అలీ నవాజ్ జంగ్ సూత్రం వాటికంటే సున్నితంగా పట్టుకుంది, ఎందుకంటే అందులోని ఘాతాంకం కూడా విస్తీర్ణాన్ని బట్టి మారుతుంది.

అయితే ఈ సూత్రాలన్నిటికీ ఒక పరిమితి ఉంది. అవి ఒకే ఒక సంఖ్యను ఇస్తాయి. ఆ సంఖ్యను దాటే వరద ఎంత అరుదో, ఎన్నేళ్లకొకసారి రావచ్చో చెప్పవు. గుణకం కూడా అప్పటిదాకా చూసిన వరదల నుంచి పుట్టిందే కాబట్టి, కొలతలు లేని కొండవాగు విషయంలో ఆ సంఖ్య ఎంత నమ్మదగినదో తేల్చుకునే మార్గం ఉండదు.

ఆ ప్రమాదం ఆదిలాబాద్ జిల్లాలోనే బయటపడింది. గోదావరిలో కలిసే ముందు కడెం వాగుకు అడ్డంగా 1949లో మొదలైన ప్రాజెక్టు ఆనకట్ట 1958 ఆగస్టులో వచ్చిన వరదను తట్టుకోలేకపోయింది. నీటిమట్టానికీ కట్ట శిఖరానికీ మధ్య 2.4 మీటర్ల ఎడం వదిలి కట్టినప్పటికీ, సెకనుకు సుమారు 14,700 ఘనపు మీటర్ల ప్రవాహం వచ్చి, నీరు కట్ట మీద 46 సెంటీమీటర్ల ఎత్తున పొర్లింది. ఎడమ వైపు 137 మీటర్ల వెడల్పున గండి పడగా, కుడి భాగంలో మరో రెండు చోట్ల కట్ట తెగింది. తెలుగు నేల మీద వాడుకలో ఉన్న క్యూసెక్కులలో, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం అనే కొలతలో చెబితే ఆ వరద 5 లక్షల పైచిలుకు. మరమ్మతులు చేసి ప్రాజెక్టును 1965 నాటికి పూర్తిచేశారు. నేడు అది 18 గేట్లతో, పూర్తి మట్టం 700 అడుగుల వద్ద 7.6 టీఎంసీల నిల్వతో, కడెం, జన్నారం, దండేపల్లి, లక్షెట్టిపేట మండలాల్లోని సుమారు 68 వేల ఎకరాల ఆయకట్టుకు ఆధారం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. 1958 నాటి ఘటన భారతదేశపు ఆనకట్టల వైఫల్యాలను చర్చించే గ్రంథాల్లో ఒక ఉదాహరణగా స్థిరపడింది, కానీ దాని అసలు పాఠం, అంటే రికార్డులో లేని వరదను లెక్కలో చేర్చుకోవడం ఎలా అన్న ప్రశ్న, అప్పట్లో సాధనాలు లేక అలాగే మిగిలిపోయింది.

పోచంపాడు: మారిపోయే నది, తరిగిపోయే నిల్వ

1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, తరువాతి పేరుతో శ్రీరాంసాగర్, ఉత్తర తెలంగాణ నీటి లెక్కను వేరే స్థాయికి తీసుకుపోయింది. పూర్తి మట్టం 1,091 అడుగుల వద్ద 112 టీఎంసీల నిల్వ, 42 గేట్లు, సరస్వతి, లక్ష్మి కాలువలు, వాటికి తోడు జగిత్యాల, కరీంనగర్ మీదుగా వరంగల్ వైపు 284 కిలోమీటర్లు సాగే కాకతీయ కాలువ, ఆ దారిలో కరీంనగర్ పట్టణం పక్కన 24 టీఎంసీల దిగువ మానేరు జలాశయం, మొదటి దశలోనే 9.68 లక్షల ఎకరాల ఆయకట్టు కలిసి ఒక వ్యవస్థ ఏర్పడింది.

అటువంటి వ్యవస్థలకు ఆ కాలంలో వాడిన ప్రధాన సాధనం రాశి వక్రం. ఆస్ట్రియా ఇంజినీర్ రిప్పుల్ 1883లో ప్రచురించిన ఈ పద్ధతిలో, నదిలో వచ్చిన నీటిని ఏళ్ల తరబడి కూడుకుంటూ ఒక గీత గీసి, దాని పక్కన వాడకపు గీతను ఉంచి, రెంటి మధ్య గరిష్ఠ ఎడాన్ని బట్టి ఎంత నిల్వ అవసరమో తేలుస్తారు. దానికి జతగా భారతదేశంలో 75 శాతం విశ్వసనీయత అనే ప్రమాణం స్థిరపడింది, అంటే నూరేళ్లలో 75 ఏళ్లపాటు కనీసం అందగల ప్రవాహం మీదనే సాగునీటి ప్రాజెక్టును రచించడం. ఈ రెండు పద్ధతులకూ ఉన్న ముఖ్యమైన షరతు ఏమిటంటే, గతంలో పారిన నది భవిష్యత్తులోనూ అలాగే పారాలి.

గోదావరి అలా పారలేదు. ఎగువన పైఠాన్ వద్ద మహారాష్ట్ర కట్టిన జాయక్వాడి జలాశయం, పైఠాన్ దాకా నీటినీ ఆ దిగువన పోచంపాడు వరకు మరో 60 టీఎంసీలనూ ఆ రాష్ట్రం వాడుకునేందుకు వీలుకల్పించిన 1975 అక్టోబరు 6 నాటి ఒప్పందం, దాన్ని తనలో కలుపుకొని 1980లో వెలువడిన బచావత్ ట్రిబ్యునల్ తుది తీర్పు కలిసి, అంతకు ముందు దశాబ్దాలుగా కొలిచిన ప్రవాహాల రికార్డును పాతకాలపు నదికి చెందిన పత్రంగా మార్చేశాయి. దానికి తోడు పూడిక. ఎగువ నల్లరేగడి నేలల నుంచి కొట్టుకొచ్చే మట్టి అడుగున చేరడంతో 112 టీఎంసీల నిల్వ 1994 సర్వే నాటికి సుమారు 90 టీఎంసీలకు, తరువాతి సర్వేలో 80.5 టీఎంసీలకు తగ్గింది. పోయిన 31 టీఎంసీల పైచిలుకు దిగువ మానేరు మొత్తం నిల్వ కంటే ఎక్కువ. అంటే గీత గీసినప్పటి నది మారింది, గీతలో చూపిన జలాశయమూ మారింది.

ఈ మార్పుల బరువును నేల మీద మోసింది కాకతీయ కాలువ ఆయకట్టు. ఎక్కువగా ఆరుతడి పంటలకు ఉద్దేశించిన నీటితో రైతులు వరి పండించుకోవడంతో కాలువ మొదట్లోని తూములకు నీరు చాలినంత దక్కి, చివరి భూములకు అందని పరిస్థితి ఏర్పడింది. దానికి జవాబుగా వచ్చిందే ఆన్ అండ్ ఆఫ్ పద్ధతి. ఇన్ని రోజులు కాలువ పారించి, ఇన్ని రోజులు ఆపి, వంతుల వారీగా నీరు ఇవ్వడం. సీజనుకు ముందు నిల్వలను సమీక్షించి ఏ ప్రాజెక్టు కింద ఎంత ఆయకట్టుకు నీరివ్వాలో నిర్ణయించే స్కివం కమిటీ సమావేశాన్ని పాత తైబందీకి రాష్ట్రస్థాయి వారసుడిగా చూడవచ్చు. తేడా ఒక్కటే: తైబందీ నాటికి వాన ముగిసి ఉండేది, వానకాలం పంటకు సంబంధించిన కమిటీ నిర్ణయం నాటికి గోదావరి వస్తుందో రాదో తెలియదు.

కంప్యూటర్ లెక్క రాక

జలాశయాల సమూహాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రయత్నం 1953లో అమెరికా సైనిక ఇంజినీర్ల విభాగం మిస్సౌరీ నది మీది ఆరు జలాశయాల విషయంలో చేసింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ మాస్ నేతృత్వాన ఇంజినీర్లు, ఆర్థికవేత్తలు, రాజనీతి శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనం 1962లో పుస్తకంగా వెలువడి ఈ విద్యకు పునాది వేసింది. ఆ బృందంలోని హెరాల్డ్ థామస్, మైరన్ ఫియరింగ్ ప్రతిపాదించిన కృత్రిమ ప్రవాహ శ్రేణి ఉత్తర తెలంగాణ వంటి చోట్లకు ప్రత్యేకంగా పనికివచ్చే ఆలోచన. నలభై ఏళ్ల రికార్డు మాత్రమే ఉన్న నదికి, ఆ రికార్డులోని సగటు, హెచ్చుతగ్గుల తీరు, ఒక నెల ప్రవాహానికీ మరుసటి నెల ప్రవాహానికీ ఉన్న సంబంధం చెడకుండా, యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో వేల ఏళ్ల ప్రవాహాన్ని కల్పించవచ్చు. అలా కల్పించిన ఏళ్లలో నిజంగా ఎన్నడూ రాని కరువులు, ఎన్నడూ రాని నిండు వానకాలాలు ఉంటాయి. ఒక నిర్వహణ నియమం వాటన్నిటిలో ఎన్నిసార్లు నిలిచిందో, ఎన్నిసార్లు విఫలమైందో లెక్కించవచ్చు. సూత్రం ఒక సంఖ్య ఇస్తే, సిమ్యులేషన్ సంభావ్యతను ఇస్తుంది.

లోపల జరిగే గణితం మాత్రం చెరువు కట్ట మీది మనిషికి కూడా అర్థమయ్యేదే. నిన్నటి నిల్వకు ఇవాళ వచ్చిన నీటిని కలిపి, కాలువలకు వదిలినది, ఆవిరైనది, ఇంకినది, గేట్ల గుండా పోయినది తీసేస్తే ఇవాళ్టి నిల్వ వస్తుంది. చిక్కు ఏమిటంటే, ఆవిరి నీటి ఉపరితల వైశాల్యం మీద, వైశాల్యం నీటిమట్టం మీద, గేటు గుండా పోగల ప్రవాహం కూడా నీటిమట్టం మీద ఆధారపడతాయి, ఒక జలాశయం వదిలినది మరో జలాశయానికి రాక అవుతుంది. అందుకే ఈ చిన్న లెక్కను రోజుకోసారి, వరద వేళ గంటకోసారి, వందల వానకాలాలకు చేయాలంటే కంప్యూటర్ తప్పదు. 1964లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఏర్పడిన జలశాస్త్ర ఇంజినీరింగ్ కేంద్రం రూపొందించిన హెక్-5, తరువాతి హెక్-రెస్‌సిమ్, డెన్మార్క్ సంస్థ డీహెచ్ఐ తయారుచేసిన మైక్ శ్రేణి సాఫ్ట్‌వేర్‌లు ఈ పనికి ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి. భారతదేశంలో 1978లో రూర్కీలో ఏర్పడిన జాతీయ జలశాస్త్ర సంస్థ, ప్రపంచ బ్యాంకు సాయంతో 1995లో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టు, దాని రెండవ దశలో డీహెచ్ఐతో కలిసి జరిగిన నిర్ణయ సహాయక వ్యవస్థ రూపకల్పన, 2016లో మొదలైన జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టు ఈ పద్ధతులను రాష్ట్రాల నీటిపారుదల శాఖల వైపు నడిపించాయి.

శ్రీరాంసాగర్ ఈ విద్యకు ఒక ప్రయోగశాల కూడా అయింది. కె. శ్రీనివాస రాజు, డి. నాగేశ్ కుమార్ 1999లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రాజెక్టు ఆయకట్టులో పంటల ఎంపికను మూడు లక్ష్యాల మధ్య పోటీగా చూసింది: నికర ఆదాయం, మొత్తం పంట దిగుబడి, వ్యవసాయ కూలీలకు దొరికే పని. ఒక లక్ష్యాన్ని పెంచితే మరొకటి తగ్గుతుంది కాబట్టి, ఒకే ఉత్తమ జవాబు కాక, తూచుకోదగిన ప్రత్యామ్నాయాల వరుస బయటపడుతుంది. వారే 2004లో జన్యు అల్గారిథంతో, అంటే మెరుగైన పరిష్కారాలను కలిపి మార్చుతూ తరాల తరబడి వడపోసే గణన పద్ధతితో, పంటల సరళిని లెక్కించి, పాత సరళరేఖా ప్రణాళిక ఇచ్చిన జవాబుకు అది దగ్గరగా ఉన్నదని చూపారు. ఇటువంటి పద్ధతులు ఉత్తమమైనది ఏదని అడుగుతాయి. సిమ్యులేషన్ ఇలా చేస్తే ఏమవుతుందని అడుగుతుంది. ఆచరణలో రెండూ జంటగానే నడుస్తాయి, ఎందుకంటే మొదటిది సూచించిన నియమాన్ని రెండవది చెడ్డ ఏళ్ల గుండా నడిపి పరీక్షించాలి.

చెడ్డ ఏడు ఎలా ఉంటుందో 2015, 2016 చూపాయి. 2015 వానకాలం విఫలమై శ్రీరాంసాగర్ అడుగంటింది. మంజీర ఎగువ పరీవాహకంలోని లాతూరుకు 2016 ఏప్రిల్‌లో రైళ్లలో తాగునీరు మోయవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు చివరి వారంలో వరద వచ్చి శ్రీరాంసాగర్ నిండి గేట్లు ఎత్తారు, మానేరు మీద నిర్మాణంలో ఉన్న మధ్య మానేరు జలాశయం కట్టకు గండి పడింది. ఆరు నెలల తేడాతో రెండు విపరీతాలు వచ్చినచోట సగటు ప్రవాహం అనే సంఖ్య ఎవరికీ దారి చూపదు.

కడెం వద్ద ఒక గంట

సిమ్యులేషన్ నిజంగా ఏమి చెప్పగలదో తెలుసుకోవడానికి మళ్లీ కడెం వద్దకే రావాలి. 2022 జూలై 13, 14 తేదీల మధ్య ఈ ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చింది. దాని గేట్లు వదలగలిగేది సుమారు 3 లక్షలు. అందులోనూ ఒక గేటు తెరుచుకోలేదు. నీరు గేట్ల మీదుగా పొర్లింది, దిగువ గ్రామాల ప్రజలను రాత్రికి రాత్రి తరలించారు, ఎడమ కాలువ వైపు గండి పడింది, ఆనకట్ట నిలిచింది. మరుసటి ఏడాది జూలై 27న దానికంటే తక్కువ వరద వచ్చినా, 18 గేట్లలో నాలుగు తెరుచుకోకపోవడంతో నీరు మళ్లీ గేట్లను దాటింది.

ఇప్పుడు లెక్క. లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే 8.64 టీఎంసీలు అవుతుంది. వచ్చేది 5 లక్షలు, పోయేది 3 లక్షలైతే మిగిలే 2 లక్షల క్యూసెక్కులు గంటకు 0.72 టీఎంసీ చొప్పున జలాశయాన్ని నింపుతాయి. 7.6 టీఎంసీల జలాశయంలో ముందుజాగ్రత్తగా 2.6 టీఎంసీలు ఖాళీ ఉంచారనుకుంటే, ఆ ఖాళీ శిఖర వరద ముందు నిలిచేది సుమారు మూడు గంటల ముప్పయి ఆరు నిమిషాలు. ఈ సమయాన్ని దిగువ గ్రామాలను ఖాళీ చేయించడానికి వాడుకోవచ్చు, కానీ వరదను ఆపలేము. మరోవైపు, ఒక టీఎంసీకి పదివేల ఎకరాల వరి అన్న వాడుక లెక్క ప్రకారం, ఆ 2.6 టీఎంసీలు ఆ తరువాత వానలతో నిండకపోతే 26 వేల ఎకరాలకు నీరు తగ్గుతుంది. అది కడెం ఆయకట్టులో మూడోవంతుకు మించిన భాగం.

ఇక్కడే సిమ్యులేషన్ పాత సూత్రం కంటే ముందుకు వెళుతుంది. జూలైలో ఖాళీ ఉంచిన జలాశయం సెప్టెంబరు నాటికి నూటికి ఎన్ని ఏళ్లలో నిండుతుందో, ఆగస్టు చివరలో ఖాళీ ఉంచితే ఆ శాతం ఎంత పడిపోతుందో అది చూపగలదు. దాని నుంచి పుట్టేదే నియమ రేఖ, అంటే వానకాలంలో ఏ తేదీకి జలాశయం ఏ మట్టానికి మించకూడదో చెప్పే గీత. తొలి వారాల్లో తక్కువగా మొదలై, వానలు వెనుదిరిగే వేళకు పూర్తి మట్టాన్ని తాకేలా దాన్ని గీస్తారు. ఒక గేటు తెరుచుకోని సందర్భాన్ని, రెండు తెరుచుకోని సందర్భాన్ని కూడా విడివిడిగా నడిపి చూడవచ్చు. 2023 అనుభవం తరువాత కడెం నమూనాలో 18 గేట్లూ ఎప్పుడూ పనిచేస్తాయని ఊహించుకోవడం లెక్క తప్పే అవుతుంది.

గొలుసు పొడవైన కొద్దీ

ఇరవయ్యొకటో శతాబ్దంలో ఈ జలాశయాలు ఒకదానికొకటి ముడిపడ్డాయి. సరస్వతి కాలువ శ్రీరాంసాగర్‌ను కడెంతో కలిపింది. కడెం, గోదావరి వరదలు కలిసి చేరే చోటికి దిగువన 62 గేట్లతో, 20 టీఎంసీల నిల్వతో నిలిచిన శ్రీపాద ఎల్లంపల్లి, మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల మధ్య ఉండి రామగుండం ఎన్టీపీసీకీ హైదరాబాద్ తాగునీటికీ ఆధారమైంది. వరద కాలువ శ్రీరాంసాగర్‌ను మధ్య మానేరుకు చేర్చింది. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతలు మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీల మీదుగా నీటిని ఎల్లంపల్లికి, అక్కడి నుంచి మేడారం, గాయత్రి పంపుహౌస్ మీదుగా మధ్య మానేరుకు ఎక్కించాయి. శ్రీరాంసాగర్ పునరుజ్జీవన పథకం వరద కాలువలో నీటిని వెనక్కి నడిపించి ఎగువ జలాశయాన్ని నింపే ఏర్పాటు చేసింది. నది పై నుంచి కిందికి మాత్రమే పారుతుందన్న ఊహ మీద రాసిన ఏ పాత లెక్కా ఈ వ్యవస్థకు సరిపోదు.

ఎత్తిపోత అనిశ్చితికి ధర కట్టింది. జూలై మొదట్లో వానలు ఆలస్యమైతే పంపులు నడపాలా, మరో పది రోజులు గోదావరి కోసం ఎదురుచూడాలా అన్నది ఇప్పుడు కరెంటు బిల్లుతో ముడిపడిన ప్రశ్న. ఎత్తి నింపిన తరువాత వరద వస్తే, ఖర్చుపెట్టి ఎక్కించిన నీటినే గేట్లెత్తి కిందికి వదలవలసి వస్తుంది. ఎత్తకుండా ఉండి వరద రాకపోతే నారుమళ్లు ఎండుతాయి. ఈ రెండు తప్పుల ఖర్చులనూ, వాటి సంభావ్యతలనూ పక్కపక్కన పెట్టి తూచడం సిమ్యులేషన్‌కు సహజమైన పని.

సరిహద్దు కూడా నమూనాలో ఒక భాగమే. నాందేడ్ జిల్లాలోని బాబ్లీ బ్యారేజీ విషయంలో సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచి ఉండాలి, మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. ఆ తేదీలు వానను బట్టి మారవు కాబట్టి లెక్కలో అవి స్థిరాంకాలు. కానీ మహారాష్ట్రలోని ఎగువ జలాశయాలైన జాయక్వాడి, విష్ణుపురి నుంచి ఎప్పుడు ఎంత వదులుతారన్నది అక్కడి ఇంజినీర్లు సమయానికి పంపే సమాచారం మీదనే ఆధారపడుతుంది.

నమూనాకు అందని అనిశ్చితులూ ఉన్నాయి. 2022 జూలై వరదలో గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటినప్పుడు కాళేశ్వరం, అన్నారం పంపుహౌస్‌లు నీట మునిగాయి, మంచిర్యాల, మంథని పట్టణాల్లోకి వరద చొచ్చుకొచ్చింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగడంతో ఆ బ్యారేజీని ఖాళీ చేయవలసి వచ్చింది. నీటి రాకలో ఉండే హెచ్చుతగ్గులను వేల వానకాలాలుగా కల్పించగల నమూనా, తనలోని ఒక కట్టడమే లేకుండా పోయే అవకాశాన్ని ఎవరైనా ముందుగా అడిగితే తప్ప చూపదు. అడిగితే మాత్రం చూపుతుంది: మేడిగడ్డ లేని వ్యవస్థలో ఎల్లంపల్లి వద్ద నదిలో సహజంగా వచ్చే నీటితో మధ్య మానేరు ఎన్ని ఏళ్లలో నిండుతుందన్నది పూర్తిగా లెక్కకు లొంగే ప్రశ్న.

ఈ చరిత్రలో మూడు విషయాలు పదేపదే కనిపిస్తాయి. మొదటిది, పద్ధతి ఎంత గొప్పదైనా దానికి మేత కొలతలే. కడెం కొండల మీద వర్షమాపకాలు తగినన్ని లేకుండా, పూడిక సర్వే వెంటవెంటనే జరగకుండా, గేట్ల స్థితి నిజాయతీగా నమోదు కాకుండా నడిపిన సిమ్యులేషన్ అలీ నవాజ్ జంగ్ సూత్రం కంటే నమ్మదగినదేమీ కాదు. రెండవది, గతపు రికార్డు గతపు నదికే చెల్లుతుంది. జాయక్వాడి, పూడిక, ఎత్తిపోతలు, మారుతున్న వానల తీరు దాన్ని ఎప్పటికప్పుడు పాతబరుస్తాయి, కాబట్టి నియమ రేఖను ఒకసారి గీసి ఊరుకోకుండా కొత్త కొలతలతో తిరిగి గీస్తూ ఉండాలి. మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఎంత ప్రమాదాన్ని ఎవరు భరించాలన్నది గణితం తేల్చే విషయం కాదు. కడెంలో ఆ 2.6 టీఎంసీల ఖాళీకి ఎదురుగా ఒక పక్క దిగువ గ్రామాల భద్రత, మరో పక్క జన్నారం, దండేపల్లి రైతుల యాసంగి ఉన్నాయి. సిమ్యులేషన్ ఆ రెంటినీ అంకెల్లో పెట్టగలదు, ఎంపిక చేయలేదు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రతి పెద్ద ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళికను తప్పనిసరి చేసింది. కట్ట తెగితే నీరు ఏ ఊరికి ఎంతసేపట్లో చేరుతుందో చూపే ముంపు పటాలు ఆ ప్రణాళికకు ఆధారం, అవి సిమ్యులేషన్ నుంచే పుడతాయి. చట్టం అడగని పని ఒకటి మిగిలి ఉంది. తైబందీ నిలిచింది అది సరైన లెక్క కావడం వల్ల మాత్రమే కాదు, లెక్క వేసేటప్పుడు నష్టపోబోయేవారు కూడా కట్ట మీద ఉండటం వల్ల. స్కివం సమావేశానికి వెళ్లే నివేదికలో ఫలానా మట్టం అన్న ఒక్క అంకె బదులు, ఆ మట్టం పాటిస్తే నూటికి ఎన్ని ఏళ్లలో ఆయకట్టు నష్టపోతుంది, ఎన్ని ఏళ్లలో దిగువ ఊళ్లు ప్రమాదంలో పడతాయి అన్న రెండు శాతాలూ అచ్చయి, ఆయకట్టు రైతులకూ దిగువ పంచాయతీలకూ ముందే అందితే, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన లెక్కకు ఆ పాత కట్టుబాటుకు ఉన్న అంగీకారం కూడా దొరుకుతుంది. నష్టం వచ్చిన ఏడాది ఆ నియమం నిలబడాలంటే ఆ అంగీకారమే ఆధారం.